పాత ఇంజన్లు, మొండి పాయింట్లు: మేడగది రైల్వే డైరీ

జూన్ 1, ఆదివారం

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉండే మా ఆడపడుచు సెలవులకు వచ్చింది. ఆమె సూట్‌కేసులో సగం బరువు నాకోసం మోసుకొచ్చిన పాత బొమ్మరైలు సామానే. అక్కడ ఎవరో పెద్దాయన ఇల్లు మారుతూ అటక ఖాళీ చేసి అమ్మేసిన పెట్టె అది. "వదినా, ఇవి నడుస్తాయో లేదో అమ్మినాయనకే తెలియదట. నడవకపోతే నన్ను తిట్టకు" అని గుమ్మంలోనే చెప్పేసింది.

పెట్టెలో నాలుగు ఇంజన్లు, ఆరు పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల అమరికలు), కట్టలుగా పట్టాలు, ఒక పట్టాకు ప్లస్, రెండోదానికి మైనస్ ఇచ్చి ఇంజనును నడిపే కంట్రోలరు ఒకటి ఉన్నాయి. ఇంజన్లలో మొదటిది ఆకుపచ్చ ట్యాంకు ఇంజను. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వాళ్ల 5700 తరగతి నమూనా. అసలు ఇంజన్లు 1929 నుంచి 1950 దాకా 863 తయారయ్యాయి కాబట్టి ఇంగ్లండులో ఈ బొమ్మ లేని అటక ఉండదేమో. రెండోది నీలం డీజిలు, క్లాస్ 47. మూడోది వెనక టెండరు, అంటే బొగ్గూ నీళ్లూ మోసే బండి, తగిలించుకున్న పొడవాటి ఎక్స్‌ప్రెస్ ఇంజను. నాలుగోది నల్లటి గూడ్సు ఇంజను. దాన్ని చేతిలోకి తీసుకోగానే ఎక్కడో ఏదో వంకర ఉందనిపించింది.

మా మేడగదిలో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల మీద ఒక చుట్టు, దానికొక లూపు లైను, రెండు సైడింగులు (బండ్లు నిలిపే పక్క లైన్లు) ఇప్పటికే వేసి ఉన్నాయి. స్టేషనుకు బొర్రా గుహలు అని బోర్డు పెట్టాను. స్కేలు ఓఓ, అంటే అసలులో 76వ వంతు. గేజి 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్ పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు కాబట్టి ఈ స్కేలులో 18.8 రావాలి. మన బ్రాడ్‌గేజి 1676 కాబట్టి 22 రావాలి. అటూ కాదు, ఇటూ కాదు. లెక్క తప్పిందని తెలిసీ ఇన్ని దశాబ్దాలుగా అందరూ దానితోనే ఆడుకుంటున్నారు. నాకూ అభ్యంతరం లేదు.

ఇవాళ చేసింది వేరుచేసే పని మాత్రమే. అయస్కాంతం తీసుకుని ప్రతి పట్టా ముక్కకూ ఆనించాను. అంటుకున్నవి స్టీలు, అంటుకోనివి నికెల్ సిల్వర్. నికెల్ సిల్వర్ అంటే మనం పూజసామానుకు కొనే జర్మన్ సిల్వరే. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, వెండి రవ్వంత కూడా ఉండదు. విశాఖ ఉప్పుగాలికి అది నల్లబడుతుంది, అయితే తుడిస్తే పోతుంది. స్టీలు పట్టాలు ఒక్క వానాకాలంలోనే తుప్పు పడతాయి. అంటుకున్నవన్నీ పక్కన పెట్టేశాను.

కంట్రోలరు సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. వైరు వంచగానే పైతొడుగు పొడిపొడిగా రాలింది. 230 వోల్టులతో సరదాలు వద్దు. దాని స్థానంలో ఇక్కడ కొన్న 12 వోల్టుల కంట్రోలరే ఉంటుంది. కరెంటు ఎక్కువైతే ఎర్రదీపం వెలిగి తనంతట తానే ఆగిపోయే రకం అది. ఆ ఎర్రదీపం పనికొస్తుంది.

ఇంకో ఏర్పాటు. నా దగ్గర ముందునుంచీ ఉన్న చిన్న షంటింగ్ ఇంజను కొత్తది, ఏ మరమ్మతూ ఎరగనిది. దాన్ని ఈ పనంతటికీ సాక్షిగా పెట్టుకున్నాను. పాత ఇంజను పాత పాయింటు మీద ఆగిపోతే దోషం ఎవరిదో చూసి చెప్పలేం. అందుకే పాత ఇంజన్లకు పరీక్ష బాగా నడుస్తున్న నా లైను మీద, పాత పాయింట్లకు పరీక్ష సాక్షి ఇంజనుతో. రెండు పాతవీ ఒకదానినొకటి కలుసుకునేది ఆ తర్వాతే.

జూన్ 8, ఆదివారం

ట్యాంకు ఇంజను ఒళ్లు విప్పాను. లోపల గ్రీజు ఎండిన తుమ్మజిగురులా గేర్లకు అతుక్కుపోయి ఉంది. మోటారుకు నేరుగా 12 వోల్టులు ఇస్తే కాస్త కదిలి, మూలిగి, 0.9 ఆంపియర్లు లాగింది. ఆ స్థితిలో నాలుగు నిమిషాలు వదిలేస్తే తీగచుట్ట కాలి వాసన వచ్చేది.

గ్రీజునంతా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగాను. తర్వాత కమ్యుటేటరు. మోటారు ఇరుసు మీద మూడు రాగి పలకలు గుండ్రంగా ఉంటాయి, బ్రష్షులు వాటి మీద రాసుకుంటూ కరెంటు ఇస్తాయి. పలకల మధ్య సన్నటి సందుల్లో బ్రష్షుల నల్లపొడి దట్టంగా చేరింది. కర్బనం కరెంటును మోస్తుంది కాబట్టి ఆ పొడి ఒక పలక నుంచి పక్క పలకకు అడ్డదారి వేస్తుంది. పుల్ల కొసను చెక్కి సందులను గీకాను. లోహపు సూది వాడితే రాగి అంచు లేచి బ్రష్షును కొరుకుతుంది, అందుకే పుల్ల.

తర్వాత మల్టీమీటరుతో పలకలను జతలుగా కొలిచాను. మూడు జతలకూ దాదాపు ఒకే రీడింగు వచ్చింది. ఒక జత తేడాగా వస్తే ఆ చుట్టలో తీగ తెగిందనో, లోపలే కలిసిపోయిందనో అర్థం. పాత మోటారు మీద గంటలకు గంటలు పోసేముందు ఈ కొలత తీసుకుంటే చాలా పొద్దు మిగులుతుంది. మళ్లీ 12 వోల్టులు ఇస్తే 0.3 ఆంపియర్లు, చప్పుడు సన్నగా, ఒకే స్థాయిలో.

నూనె దగ్గర ఇంట్లో చర్చ జరిగింది. "కొబ్బరినూనె ఉందిగా అమ్మా, అదెందుకు పనికిరాదు?" అన్నారు మామగారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, పైగా కొన్నాళ్లకు జిగటగా మారుతుంది, మళ్లీ తుమ్మజిగురు కథే. ఆయన ఒప్పుకోలేదు గానీ పట్టుబట్టనూ లేదు. కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్కో బేరింగుకు ఒక్కో చుక్క పెట్టాను. ఎక్కువ పోస్తే అది కమ్యుటేటరు మీదికి పాకి, నల్లపొడితో కలిసి ముద్దవుతుంది.

సాయంత్రం ఇంజను మంచి లైను మీద చుట్టూ తిరిగింది. పాయింట్ల మీదికి ఇంకా పంపలేదు.

జూన్ 15, ఆదివారం

నీలం డీజిలు. 1970లు, 80లలో చవకగా అమ్ముడైన నమూనా. వీటి నిర్మాణం ముందే తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మోటారు ఒక బోగీలోనే (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, ఇంజను కింద చక్రాలు బిగించిన చట్రం), బిళ్లలాగ పలచగా ఉంటుంది. ఆ బోగీ చక్రాలు ఒక పట్టా నుంచి మాత్రమే కరెంటు తీసుకుంటాయి. రెండో పట్టా నుంచి తీసుకునే పని అవతలి బోగీది. అంటే ఇంజనుకు ఆ కొస ఒక చెయ్యి, ఈ కొస ఒక చెయ్యి. ఏ ఒక్కటి జారినా ఆగిపోతుంది. కొత్త ఇంజన్లలో అన్ని చక్రాలూ రెండు వైపులా కరెంటు అందుకుంటాయి కాబట్టి ఒక చక్రం మురికిగా ఉన్నా తెలియదు.

చక్రాలకు పట్టిన నల్లపొరను ఆల్కహాలు అద్దిన గుడ్డతో తీశాను. గరుకు కాగితం పెట్టలేదు. గీత పడ్డ చోటే మురికి మళ్లీ త్వరగా చేరుతుంది. పట్టాలకూ ఇదే నియమం.

మోటారు బోగీలో రెండు చక్రాలకు పట్టు కోసం రబ్బరు టైర్లు ఉంటాయి. అవి బిస్కట్టు ముక్కల్లా విరిగి ఊడిపోయాయని రాయబోయి ఆగాను, నిజానికి బిస్కట్టు ఇంకా మెత్తన. వాచీలు బాగుచేసే దుకాణంలో వాచీ వెనకమూత కింద వేసే రబ్బరు రింగులు అడిగి తెచ్చాను. సైజు కుదిరింది. కానీ వాటి అడ్డుకోత గుండ్రం, చక్రం గాడి చదును. దాంతో ఇంజను నడకలో ఒకవైపు లేచి పడుతోంది. చూడటానికి తమాషాగా ఉంది గానీ ఎక్కువసేపు చూడలేం. అసలు టైర్లు పంపమని లీడ్స్‌కు కబురు పెట్టాను. అంతదాకా ఈ కుంటినడకే.

మంచి లైను మీద అదీ తిరిగింది.

జూన్ 22, ఆదివారం

ఇవాళ్టి నుంచి పాయింట్లు. ఆరింటిలో నాలుగు లోహపు క్రాసింగ్ ఉన్నవి, రెండు ప్లాస్టిక్ క్రాసింగ్ ఉన్నవి. రెండు పట్టాలు అడ్డంగా కలుసుకునే ఆ కొసను మన రైల్వే వాళ్లు క్రాసింగ్ ముక్కు అంటారు. బొమ్మ రైళ్లలో ఆ ముక్కు దగ్గరే అసలు పేచీ. ఒక దారిలో వెళ్లే ఇంజనుకు అక్కడ ప్లస్ కావాలి, రెండో దారిలో వెళ్లేదానికి మైనస్ కావాలి. ప్లాస్టిక్ ముక్కు అయితే అక్కడ కరెంటే లేదు, గొడవ లేదు, కానీ చిన్న ఇంజను ఆగిపోవచ్చు. లోహపు ముక్కు అయితే ఇంజను ఆగదు, కానీ దారి మారినప్పుడల్లా ముక్కుకు అందే కరెంటు దిశ కూడా మారాలి.

ఒకటో నంబరు పాయింటును సైడింగు మొదట్లో బిగించాను. సాక్షి ఇంజను సైడింగులోకి వెళ్లింది, నత్తనడక నడిచి ఆగిపోయింది. మీటరు పెడితే పట్టాల మధ్య నిండా 12 వోల్టులు. ఇంజను ఎత్తి మెయిన్ లైను మీద పెడితే పరుగు.

పక్కింటి బాబాయి గారిని పిలిచాను. రైల్వే సిగ్నల్ శాఖలో చేసి రిటైరయ్యారు. బొమ్మల పని అంటే మొదట నవ్వారు గానీ మీటరు చూడగానే కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"బాబాయి గారూ, వోల్టేజి నిండుగా ఉంది, ఇంజను మాత్రం కదలదు."

"ఖాళీ లైను మీద కొలిచావా, బరువు పెట్టి కొలిచావా అమ్మా?"

స్కూటరు పార్కింగ్ దీపానికి వాడే 12 వోల్టుల, 5 వాట్ల బల్బు తెచ్చి సైడింగు పట్టాల మధ్య కలిపాం. బల్బు మసగ్గా వెలిగింది, మీటరు 7 దగ్గరికి పడిపోయింది. సంగతి ఇది. మీటరు తాగే కరెంటు దాదాపు సున్నా. దారిలో ఎక్కడో పదిపదిహేను ఓముల అడ్డంకి ఉన్నా, కరెంటు పారనప్పుడు అక్కడ వోల్టేజి తగ్గదు, కాబట్టి మీటరుకు కనపడదు. బల్బు 0.4 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి ఆ అడ్డంకి దగ్గరే నాలుగైదు వోల్టులు మిగిలిపోతాయి. అప్పటినుంచి బల్బుకు రెండు మొసలినోటి క్లిప్పులు తగిలించి మీటరు పక్కనే పెట్టుకున్నాను. మీటరు కంటే దాన్నే ఎక్కువ వాడుతున్నాను.

అడ్డంకి ఎక్కడ? ఈ రకం పాయింటులో కదిలే పట్టా, అంటే టంగ్ రైలు, పక్కనున్న కదలని పట్టాకు, అంటే స్టాక్ రైలుకు, ఆనుకున్నప్పుడు ఆ స్పర్శతోనే కరెంటు లోపలికి వెళ్తుంది. వేరే తీగ ఉండదు. ముప్ఫై నలభై ఏళ్ల మురికి ఆ స్పర్శ దగ్గరే పేరుకుంది. పైగా టంగ్ రైలును అటో ఇటో నొక్కిపెట్టే చిన్న స్ప్రింగు ఈ పాయింటులో లేదు. కంటికి ఆనుకున్నట్టే కనిపిస్తుంది, ఆనుకోదు.

బాబాయి గారు తమ శాఖ పరీక్ష చెప్పారు. పాయింటు మిషను తనిఖీలో స్టాక్ రైలుకూ టంగ్ రైలుకూ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి తిప్పుతారు. మిషను లాక్ కాకూడదు, సిగ్నలుకు పాయింటు సరిగా కూర్చుందనే సమాచారం వెళ్లకూడదు. అంత సందున్నా కూర్చుందని చెప్పే పాయింటును లైనులో ఉంచరు. ఆ 5 మిల్లీమీటర్లను 76తో భాగిస్తే 0.066. మామూలు తెల్లకాగితం మందం 0.1 మిల్లీమీటరు. అందుకని కాగితం పట్టీ కత్తిరించి సందులో ఉంచి పాయింటు వేశాను. పట్టీ లాగితే నిరాటంకంగా ఊడొచ్చింది. అంటే టంగ్ రైలు నొక్కడం లేదు. బాబాయి గారు ఆ పట్టీని చూసి మురిసిపోయి, మిగతా పాయింట్లన్నీ తానే వరసగా పరీక్షించారు. నాలుగోదీ తప్పింది.

0.4 మిల్లీమీటరు స్టీలు తీగను వంచి స్ప్రింగు చేశాను. బాల్‌పెన్ను స్ప్రింగు చాలామంది చెబుతారు. అది మరీ గట్టిది, తర్వాత పెట్టబోయే పాయింటు మోటారు దాన్ని తోయలేదు. స్పర్శ చోట్లు తుడిచాక కాగితం గట్టిగా పట్టింది, బల్బు నిండుగా వెలిగింది.

జూలై 6, ఆదివారం

రెండో నంబరు పాయింటు నన్ను బాగా తిప్పింది. సాక్షి ఇంజను దాని మీద నెమ్మదిగా వెళ్లినా, వేగంగా వెళ్లినా ఇబ్బంది లేదు. ట్యాంకు ఇంజనుకూ లేదు. నీలం డీజిలు వెళ్తే మాత్రం కంట్రోలరు మీద ఎర్రదీపం ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది, ఇంజను కుదుపుతో సాగుతుంది. ఒక్కోసారి అక్కడే నిలబడిపోతుంది. సాక్షి నడిచింది కాబట్టి పాయింటు మంచిదే, తప్పు డీజిలుది అనుకోవాలి. మరి అదే డీజిలు చుట్టంతా, ఒకటో నంబరు పాయింటుతో సహా, నిక్షేపంగా తిరుగుతోంది. అప్పుడు తప్పు పాయింటుది కావాలి.

ఎర్రదీపం వెలిగిందంటే కరెంటు అందకపోవడం కాదు, షార్టు. రెండింటికీ వైద్యం వేరు. గదిలో దీపాలన్నీ ఆర్పి, కిటికీకి దుప్పటి కట్టి, డీజిలును మెల్లగా పంపించాను. ముక్కు దగ్గర కాదు, టంగ్ రైలు కొస దగ్గర, అదీ ఆనుకోకుండా తెరిచి ఉన్న టంగ్ రైలు దగ్గర నిప్పురవ్వ మెరిసింది. పగలైతే ఇది కనపడేది కాదు.

ఎందుకంటే ఈ పాయింటులో రెండు టంగ్ రైళ్లూ, ముక్కూ ఒకే లోహపు బంధంలో ఉంటాయి. ఒక టంగ్ రైలు ఆనుకున్న వైపు నుంచి మూడింటికీ కరెంటు వెళ్తుంది. కాబట్టి తెరిచి ఉన్న టంగ్ రైలులో, దాని పక్కనే ఉన్న స్టాక్ రైలుకు వ్యతిరేకమైన కరెంటు ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందులోంచే చక్రం అంచు పోవాలి. చక్రం వెనకభాగం తెరిచి ఉన్న టంగ్ రైలును తాకిందా, ప్లస్సూ మైనస్సూ కలిసినట్టే.

చక్రం ఎందుకు తాకుతుంది? వెర్నియర్ అనే కొలత పరికరం తీసి ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలిచాను. ఓఓలో ఇప్పుడు మామూలుగా పాటించే కొలత 14.5 మిల్లీమీటర్లు. సాక్షి 14.5. ట్యాంకు ఇంజను 14.4. నీలం డీజిలు ముందు బోగీ 13.9. చక్రాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే వాటి వెనకభాగం పట్టా నుంచి లోపలికి జరుగుతుంది, అంటే టంగ్ రైలు వైపు. ఒకటో పాయింటులో టంగ్ రైలు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ బతికిపోయింది. రెండోదానిలో తెరుపు తక్కువ. ఇంజనులో సగం తప్పు, పాయింటులో సగం తప్పు. ఏ ఒక్కదాన్ని విడిగా పరీక్షించినా రెండూ పాసవుతాయి.

బాబాయి గారికి ఈ కొలత గురించి చెబితే, "మాకూ అదే. బ్రాడ్‌గేజిలో చక్రాల లోపలి దూరం 1600. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా ఆ చక్రాలను లైను మీదికి రానివ్వరు" అన్నారు. అక్కడ కరెంటు గొడవ వేరు గానీ, చక్రం చెక్ రైలుకూ (ముక్కు ఎదురుగా చక్రాన్ని దారిలో ఉంచే కాపు పట్టా) ముక్కుకూ తగలడమనే ప్రమాదం ఒకటే.

వైద్యం రెండు వైపులా చేశాను. చక్రాలను ఇరుసు మీద మెలితిప్పుతూ బయటికి లాగి 14.5కు తెచ్చాను. రెండు వైపులా సమానంగా జరపాలి, లేకపోతే ఇరుసు ఒక పక్కకు వచ్చి, ఇంకో పట్టా మీద గొడవ మొదలవుతుంది. మోటారు బోగీలో గేరు ఉన్న చక్రాన్ని పట్టుకుని లాగకూడదు, ఎదురుదాన్నే లాగాలి.

పాయింటు వైపు పని పెద్దది. టంగ్ రైళ్లకూ ముక్కుకూ మధ్య పట్టాలను సన్నటి రంపంతో కోసి విడదీశాను. ప్రతి టంగ్ రైలునూ దాని పక్కనున్న స్టాక్ రైలుకు కింద నుంచి తీగతో టంకం వేశాను. ఇప్పుడు టంగ్ రైలులోనూ స్టాక్ రైలులోనూ ఒకే కరెంటు, కాబట్టి చక్రం తాకినా ఏమీ కాదు. ఆనుకునే స్పర్శ మీద ఆధారపడటం కూడా పోయింది. ఒంటరిదైన ముక్కుకు వేరే తీగ వేసి, పాయింటుతోపాటు కదిలే చిన్న స్విచ్చు ద్వారా ప్లస్ గానీ మైనస్ గానీ అందేలా చేశాను. ముక్కు నుంచి బయటికి వెళ్లే రెండు పట్టాలకూ పట్టాలను కలిపే లోహపు ఫిష్‌ప్లేట్లు తీసి ప్లాస్టిక్‌వి పెట్టాను. ఇవి పెట్టకపోతే అవతలి లైను నుంచి వెనక్కి వచ్చే కరెంటు ముక్కు దగ్గర మళ్లీ షార్టు చేస్తుంది.

టంకం వేసేటప్పుడు ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా ఇరుపక్కలా తడిపిన దూది పెట్టాను. సోల్డరింగ్ ఐరను వేడిగా ఉండాలి, ఆనించేది తక్కువసేపు ఉండాలి. చల్లటి ఐరనుతో ఎక్కువసేపు రుద్దడమే స్లీపర్లను చంపుతుంది.

జూలై 13, ఆదివారం

పాయింటు మోటార్లు, అంటే పాయింటును అటూ ఇటూ తిప్పేవి. ఇవి మోటార్లు అని పేరే గానీ రెండు తీగచుట్టల మధ్య అటూ ఇటూ దూకే ఇనుపకడ్డీ. క్షణకాలం కరెంటు ఇస్తే ఒకవైపు లాక్కుంటుంది. అంతకంటే ఎక్కువసేపు ఇస్తే చుట్ట కాలిపోతుంది. పాత యజమాని వాడిన నొక్కుడుబటన్ ఎప్పుడో ఒకసారి ఇరుక్కుని ఉండాలి. ఒక మోటారులో ఒక చుట్ట 4.2 ఓములు, రెండో చుట్టకు మీటరు కదలనే లేదు. మిగతా వాటిలో అన్ని చుట్టలూ 4 ఓముల చుట్టుపక్కలే.

నాలుగు ఓములంటే 16 వోల్టులకు 4 ఆంపియర్లు. నా ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం ఒక ఆంపియరు. అందుకే పాయింటు టక్కున పడదు, మధ్యలో ఊగి ఆగుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొంటే పాయింటు పడుతుంది గానీ బటన్ ఇరుక్కున్న రోజున చుట్ట కాలడం ఖాయం. ఈ రెండు ఇబ్బందులకూ కలిపి ఒకే జవాబు, కెపాసిటరు పెట్టె.

నేను కట్టింది సాదా రకం. 16 వోల్టుల ఏసీని నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాటిస్తే 21 వోల్టుల దాకా డీసీ వస్తుంది. అది 100 ఓముల రెసిస్టరు గుండా 4700 మైక్రోఫారడ్ల, 35 వోల్టుల కెపాసిటరును నింపుతుంది. బటన్ నొక్కగానే కెపాసిటరు తనలో ఉన్నదంతా ఒక్క తోపుగా చుట్టలోకి వదులుతుంది. లెక్కకు ఒక జౌలు శక్తి. నిండటానికి కొద్ది సెకన్లు చాలు. బటన్ ఇరుక్కుపోతే రెసిస్టరు గుండా 0.2 ఆంపియర్లు మాత్రమే పారుతుంది, చుట్ట వెచ్చబడను కూడా వెచ్చబడదు. కానీ ఆ కాసేపూ రెసిస్టరు మీద 4 వాట్లకు పైగా పడుతుంది, కాబట్టి 5 వాట్లకు తగ్గని తెల్ల పింగాణీ రెసిస్టరే పెట్టాలి. కెపాసిటరు కాళ్లు తారుమారు చేయకూడదు. తారుమారైతే పేలుతుంది.

బటన్ నొక్కితే పాయింటు పడిన చప్పుడుకు కింద గదిలో మామగారు టీవీ తగ్గించి "ఏమైందమ్మా?" అని అడిగారు.

జూలై 20, ఆదివారం

ట్యాంకు ఇంజను ఐదో నంబరు పాయింటు మీద, అంటే ప్లాస్టిక్ ముక్కు ఉన్నదాని మీద, నెమ్మదిగా వెళ్తే ఆగిపోతోంది. వేలితో తడితే కదులుతుంది. సాక్షి ఆగదు. రెండింటి పొడవూ ఇంచుమించు ఒకటే, రెండింటికీ ఆరేసి చక్రాలు.

ఇంజనును వెల్లకిలా పడుకోబెట్టి మీటరు ఒక కొసను బ్రష్షుకు, రెండో కొసను ఒక్కో చక్రానికీ ఆనించుకుంటూ పోయాను. కుడివైపు మూడు చక్రాలూ పలికాయి. ఎడమవైపు ముందుచక్రం ఒక్కటే పలికింది. మధ్యదానికీ వెనకదానికీ కరెంటు తీసుకునే లోహపు రేకులు వంగి చక్రాన్ని వదిలేశాయి. అంటే ఎడమవైపు బండి మొత్తం ఒకే చక్రం మీద నడుస్తోంది. అది ప్లాస్టిక్ ముక్కు మీదికి రాగానే దీపం ఆరినట్టే. మామూలు లైను మీద ఈ లోపం ఎన్నేళ్లు తిరిగినా బయటపడదు.

పాత రిలే నుంచి తీసిన స్పర్శరేకులను సన్నగా కత్తిరించి కొత్తగా అమర్చాను. రేకు చక్రం వెనకభాగాన్ని తాకీతాకనట్టు నొక్కాలి. గట్టిగా నొక్కితే బ్రేకు వేసినట్టు అవుతుంది. ఇప్పుడు ఐదో పాయింటు మీద పాకుతూ వెళ్లినా ఆగడం లేదు.

పొడవాటి ఎక్స్‌ప్రెస్ ఇంజనులో మోటారు టెండరులో ఉంది. ఇంజను కుడి పట్టా నుంచి, టెండరు ఎడమ పట్టా నుంచి కరెంటు తీసుకుంటాయి, రెండింటినీ కలిపేది వాటి మధ్య కొక్కెమే. కొక్కెం కదిపినప్పుడల్లా మీటరు రీడింగు సున్నా నుంచి 40 ఓముల దాకా ఎగిరి దూకుతోంది. మెత్తటి సన్నతీగ ఒకటి సమాంతరంగా కలిపాను. వంపుల్లో తీగ బిగుసుకుని టెండరును పట్టా మీద నుంచి లేపకుండా కాస్త వదులుగా వదలాలి.

జూలై 27, ఆదివారం

నల్ల గూడ్సు ఇంజను. ఇవాళ విప్పాను, మళ్లీ మూయలేదు. దాని పోతఇనుపలా కనిపించే చట్రం నిజానికి జింకు మిశ్రమం. తయారైనప్పుడు ఆ జింకులో సీసం లాంటివి కొద్దిగా కలిసిపోతే, ఏళ్ల తరబడి లోహపు రేణువుల మధ్య తుప్పు పాకి, చట్రం ఉబ్బి, వంగి, పగుళ్లు వేస్తుంది. తేమ దాన్ని తొందరపెడుతుంది, ఇది సముద్రపు ఒడ్డు ఊరు. చట్రం నడుము దగ్గర వంపు తేలి మోటారు గేరు, ఇరుసు గేరు ఒకదాన్నొకటి అందుకోవడం లేదు. చివరను వేలితో నొక్కితే చిన్న ముక్క విరిగి చేతికొచ్చింది. దీనికి మందు లేదు. చక్రాలు, మోటారు, కొక్కేలు విడదీసి డబ్బాలో వేశాను, పైతొడుగును గూడ్సు షెడ్డు వెనక నిలబెట్టాను. అమ్మకానికి పెట్టిన పాత ఇంజను ఫొటోలో ఒళ్లు ఎంత మెరుస్తున్నా, అడుగున చట్రం తిన్నగా ఉందో లేదో చూపించే ఫొటో అడగండి. పంపకపోతే కొనకండి.

లీడ్స్ నుంచి టైర్లు వచ్చాయి. నీలం డీజిలు కుంటడం మానేసి ఆరు పెట్టెలను లాగుతోంది.

ఈ వారం తేలనిది ఒకటి ఉంది. ఎక్స్‌ప్రెస్ ఇంజను ఆరో నంబరు పాయింటు మీద, సైడింగు వైపు తిరిగేటప్పుడు మాత్రమే, ముందు చిన్నచక్రాల బోగీ పట్టా దిగుతోంది. చక్రాల మధ్య దూరం 14.5 ఉంది. కాగితం పరీక్ష పాసైంది. ఎర్రదీపం లేదు. చెక్ రైలు గాడి మరీ వెడల్పుగా ఉందని బాబాయి గారి అనుమానం. నాకేమో బోగీ మీద బరువు చాలడం లేదనిపిస్తోంది. వచ్చే ఆదివారం ముందు చెక్ రైలుకు పలుచటి ప్లాస్టిక్ పట్టీ అతికించి చూస్తాం. అప్పటికీ దిగితే బోగీ మీద సీసపు ముక్క.